మోకు: నాలుగుకి నాలుగు

211వ రోజు

ఇవాళ వేసిన కుట్లు 1,140. మూసిన చిరుగులు తొమ్మిది. విరిగిన సూదులు రెండు, రెండూ నావే. మోకు: నాలుగుకి నాలుగు.

నిజానికి చిట్టాలో ఇంతవరకే రాయాలి. నాకు ముందు ఈ తెర మీద చిట్టా రాసినాయన నాలుగున్నరేళ్ళు రాశాడు, ఈ నాలుగు లెక్కలూ దాటి ఒక్క మాట ఎక్కువ రాయలేదు. నాకు ఆ నిగ్రహం లేదు. నా నోటికీ చేతికీ అడ్డూ అదుపూ లేదని మా అమ్మ చివరిదాకా సాధించింది. కాబట్టి నా తరవాత ఈ పుస్తకం ఎవరి చేతికొస్తుందో గానీ, కొంచెం ఓపిక పట్టి చదువుకోండి.

నా పేరు మాణిక్యం. ఈ డెబ్బై మూడో నీడతెరకి పెద్దదాన్ని, అంటే ఏ పొరపాటు జరిగినా తిట్లు తినే మనిషిని. భూమికి ఎండ తగ్గించడానికి అడ్డం కట్టిన తెరల్లో ఇదొకటి. ఈ కొస నుంచి ఆ కొసకి పదహారు కిలోమీటర్లు. ఇసుక రేణువంత రాళ్ళు వచ్చి దీన్ని పొడుస్తుంటాయి, మేం కుడుతుంటాం. మేం నలుగురం. నేను, సిరిసిల్ల నుంచి వచ్చిన రాజవ్వ, అనంతపురం వైపు ఓబులేసు, భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టిన పైడిరాజు. నాది రాజోలు.

ఇక్కడ పొద్దు పొడవదు, గుంకదు. తెర వెనక సూర్యుడు కదలకుండా ఒక్కచోటే ఉంటాడు. ఏ వేళ చూసినా మిట్టమధ్యాహ్నమే. అందుకని మాకు మధ్యాహ్నమైందని చెప్పాల్సింది ఓబులేసు.

మేం ఉండే గూడు తెరకి నడిమధ్యన ఉంది. గూటి గోడకి ఒక ఇనప కడియం, ఆ కడియానికి పెద్ద మోకు, ఆ మోకు నుంచి తెర అంచులదాకా పాయలు. బయట ఎక్కడ కుడుతున్నా ఒక చేత్తో మోకు పట్టుకునే ఉంటాం. వంట కాగానే ఓబులేసు గరిటె తిరగేసి కడియం మీద మూడు దెబ్బలు వేస్తాడు. బయట గాలి లేదు కాబట్టి చప్పుడు వినపడదు, కానీ ఆ మూడు దెబ్బలూ మోకులోంచి అరచేతిలోకి వస్తాయి. అప్పుడు మేం రెండేసి సార్లు లాగాలి. అందింది, వస్తున్నాను అని. ఎవరి లాగుడు ఎవరిదో ఓబులేసుకి తెలుసు. రాజవ్వది చురుగ్గా ఉంటుందట, పైడిరాజుది నెమ్మదిగా, నాది విసుగ్గా. ముగ్గురివీ అందాక తనూ కడియాన్ని రెండుసార్లు లాగి నలుగురనుకుంటాడు. వంటవాడికి మాత్రం ఆకలి ఉండదా అంటాడు.

నాలుగు అందేదాకా, నలుగురం లోపలికి వచ్చేదాకా గిన్నె మూత తియ్యడు. దీనికో కారణం ఉంది. ఇక్కడ బరువు లేదు. అన్నం వండితే మెతుకులు గదంతా ఎగిరి గాలి మరల్లో దూరతాయి. అందుకే రాగి సంగటి. ముద్ద ముద్దగానే ఉంటుంది. కానీ మూత తీశామా, పావుగంటలో పైన పెచ్చు కడుతుంది. అందరూ వచ్చాక తీస్తేనే అందరికీ వేడి ముద్ద. వేరుశెనగల ఊరుబిండి అద్దుకుని తింటే ఆ రోజుకి చాలు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఇవాళ కింది ఆఫీసు నుంచి హేమలత గారు మాట్లాడారు. మా తెర బాగోగులు చూసే అధికారి ఆవిడ. ఇక్కడి మాట అక్కడికి చేరడానికి ఐదు సెకన్లు, జవాబు రావడానికి ఇంకో ఐదు. ఆ పది సెకన్లలో ఆవిడ జంతికలు నమిలే చప్పుడు వినపడుతుంది. మధ్యాహ్నం పూట బల్ల దగ్గరే, పని చేసుకుంటూనే తింటుంది పాపం.

“మాణిక్యం గారూ, ఇకనుంచి తిండి విరామం ఎవరిది వాళ్ళకే అండి. చేతికి పట్టీ కట్టుకుంటారు. ఒంట్లో ఓపిక తగ్గగానే అదే చెబుతుంది. టోపీలో ట్యూబు ఉంటుంది, ఉన్నచోటే తినేసి పని చూసుకోవచ్చు. అంచు నుంచి గూటికి నలభై నిమిషాలు, మళ్ళీ వెళ్ళడానికి నలభై. మీకే తెలుసు కదా, సముద్రం అంచున ఆ చిరుగు ఎంత పెరిగిందో.”

తెలుసు. మేం సముద్రం అంచు అని పిలుచుకునే తెర కొసన మూడు వందల మీటర్లు. కింద ఎండలు ముదిరేలోపు మూయాలి. ఆవిడ చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే నాకు నచ్చలేదు.

212వ రోజు

కుట్లు 1,095. మోకు: నాలుగుకి నాలుగు.

హేమలత గారు ఒక కాగితం పంపారు. పని ఆపిన ప్రతి నిమిషానికీ ఒక పేరుండాలట. నిద్ర, వైద్యం, మరమ్మతు, పోషణ అని వరసగా ఇచ్చారు. పోషణ అంటే ట్యూబు. అడుగున మాత్రం ఇతరములు అని ఒక ఖాళీ గీత ఉంది. “మీరందరూ కలిసి తినే విరామం ఉంచుకోవాలనుకుంటే ఆ గీత మీద దానికో పేరు రాసి, కారణం రాయండి. 215వ రోజులోపు. నేను పైవాళ్ళతో మాట్లాడి చూస్తాను” అంది. మంచి మనిషే.

ముద్దలు తింటూ ఈ సంగతి చెప్పాను. చెప్పకుండా నాకు తోచింది రాసి పంపేసి ఉంటే గొడవ వదిలేది.

“పేరేందిమ్మా కొత్తగా? సంగటేళ. మా నాయిన అట్లే అన్యాడు, మా అబ్బ అట్లే అన్యాడు” అన్నాడు ఓబులేసు.

“సంగటి చెయ్యని దినం గూడ సంగటేళనేనా?” అంది రాజవ్వ. “సద్ది అని రాయి అక్కా. అన్నం గట్టుకపోయినా సద్దే, రొట్టెలు గట్టుకపోయినా సద్దే. మా అమ్మ మగ్గం గుంతలకెల్లి లేసి సద్ది తిన్నంకనే నాతోని మాట్లాడేది.”

పైడిరాజు నవ్వాడు. “మీ ఇద్దరి గోలేటి? అన్నాలేళ. సంటిపిల్లకైనా తెలుస్తాది. అన్నాలేళ అయితే మా నాయిన వల ఒగ్గేసి వచ్చీవోడు.”

నేను భోజనాలు అని రాద్దామన్నాను. అంతే, అప్పటిదాకా కొట్టుకుంటున్నవాళ్ళు ముగ్గురూ ఒక్కటై నా మీద పడ్డారు. భోజనాలనేది పెళ్ళిళ్ళలో మాటట. చెమట పట్టినవాళ్ళ మాట కాదట. నాకు ఒళ్ళు మండింది. రాజోల్లో మేం చెమట పట్టకుండా పెరిగామా అని అడిగాను. ముద్ద పూర్తయ్యేదాకా అరుచుకున్నాం. ఎంత బాగుందో చెప్పలేను.

215వ రోజు

కుట్లు 1,120. మోకు: నాలుగుకి నాలుగు.

ఇవాళే ఆఖరు. ఓట్లు పెట్టాను. నాలుగు మాటలకి తలా ఒక ఓటు వచ్చింది. ఎవరి ఓటు వాళ్ళదే. “మాణిక్యమ్మా, నీదొకటి మార్చుకుంటే అయిపోతాది గదా” అన్నాడు ఓబులేసు. “నువ్వు మార్చుకో” అన్నాను. రాజవ్వ తన నాయనమ్మ మీద ఒట్టు పెట్టుకుంది. పైడిరాజు నవ్వుతూనే తల అడ్డంగా ఊపాడు. ఒక్క పూట ఆలస్యమైతే ఏం మునిగిపోతుంది, రేపు రాద్దాంలే అని మూత పెట్టేశాం.

216వ రోజు

పొద్దున్న లేచి చూసేసరికి కింది నుంచి తిరిగొచ్చిన కాగితం మీద రెండే ముక్కలున్నాయి. పేరు రాలేదు. పోషణగా నమోదైంది.

పట్టీలు కట్టుకున్నాం. నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎవరో కింద కూర్చుని మా మీద కక్ష కట్టారంటే తిట్టుకోవడానికైనా ఉండేది. ఇది మేం చేతులారా చేసుకున్నది. పెద్దదాన్ని నేను, ఏదో ఒకటి రాసి పడెయ్యాల్సింది.

మోకు అని రాసి పక్కన ఏం వెయ్యాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

219వ రోజు

కుట్లు 1,410. చిరుగు 244 మీటర్లకి తగ్గింది. మోకు: ఖాళీ.

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పని బాగా సాగుతోంది. ట్యూబులో ఉన్నదేదో గానీ కడుపు నిండుతుంది. పట్టీ చురుక్కుమంటుంది, రెండు గుక్కలు పీలుస్తాం, సూది ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్ళీ మొదలు. చెయ్యి కడుక్కునే పని కూడా లేదు.

ఓబులేసు ఇప్పుడు రోజంతా బయటే కుడుతున్నాడు. లోపలికొచ్చాక వాడని గిన్నె తీసి తుడుస్తాడు. నిన్న తుడిచిందే మళ్ళీ ఇవాళ తుడుస్తున్నాడు. “అంత మెరుగు ఎవరికి చూపిస్తావయ్యా?” అని ఆట పట్టించబోయాను. “ఊరికే మ్మా” అన్నాడు. ఓబులేసు రెండు మాటల్లో జవాబు చెప్పడం నేను ఇదే చూడ్డం.

పైడిరాజు పగలంతా సముద్రం అంచునే ఉంటున్నాడు. ఆ పేరు పెట్టింది అతనే. ఆ అంచు నీడ సరిగ్గా భీమిలి ఒడ్డు మీద పడుతుందని అతని నమ్మకం. ఇంత దూరం నుంచి నీడ అలా పడదయ్యా, పొగమంచులాగా భూమంతా పరుచుకుంటుంది అని ఎన్నోసార్లు చెప్పాను. “ఉండనియ్యప్పా” అంటాడు. వాళ్ళవైపు అక్కని అప్ప అంటారు. సముద్రం ముందుకొచ్చి వాళ్ళ ఊరు మూడుసార్లు వెనక్కి జరిగిందట. మూడోసారి ఎండదెబ్బకి అతని తల్లి పోయింది. ఇక్కడికి రావడానికి మూడేళ్ళు వరసగా పరీక్ష రాశాడు. అలాంటివాడికి నీడ ఎలా పడుతుందో నేను పాఠం చెప్పడమేమిటి, నాకు బుద్ధి లేక.

ఇవాళ లోపలికొచ్చి, “ఇయాల ఏ రోజప్పా?” అని అడిగాడు. చెప్పాను. మళ్ళీ కాసేపటికి అడిగాడు.

223వ రోజు

కుట్లు 1,385. మిగతాది నెమ్మదిగా రాస్తాను.

పని ముగిసే వేళకి ముగ్గురం గూటికి చేరాం. పైడిరాజు రాలేదు. పట్టీ లెక్క చూశాను. గుండె బాగుంది, రెండుసార్లు తిన్నాడు, అంతా పచ్చదీపాలే. రేడియోలో పిలిచాను.

“వస్తన్నానప్పా” అన్నాడు. ఇరవై నిమిషాల తరవాత పిలిచినా అంతే అన్నాడు. పటం మీద అతని చుక్క మాత్రం ఉన్నచోటు నుంచి కదలలేదు.

రాజవ్వ మోకు మీద జారే బండి, మా మోకుబండి, ఎక్కి వెళ్ళింది. ఆమె చేరేసరికి అతను తెరకి ఎదురుగా కూర్చుని ఉన్నాడట. సూదిలో దారం ఎక్కించే ఉంది. వీపు సంచిలో గాలి తొమ్మిది నిమిషాలకి ఉంది. బండిలోని గాలిబుడ్డి తగిలించి లాక్కొచ్చింది.

దీన్ని ఇక్కడ తెలుపు పట్టడం అంటారు. ఎటు చూసినా ఒకటే తెలుపు, కదలని వెలుగు. చూస్తూ చూస్తూ మనిషికి పొద్దు తెలియకుండా పోతుంది. వేరే తెరల మీద ఇద్దరు అలాగే పోయారు. మా తెర మీద ఐదేళ్ళలో ఎవరికీ పట్టలేదు. మేమేదో గట్టివాళ్ళమని నేను గొప్పలు పోయేదాన్ని.

నీళ్ళు తాగించాక అడిగాను, ఎందుకు రాలేదురా అని. అతను నా మొహంలోకి అమాయకంగా చూశాడు.

“మోకు కొట్టనేదు కదప్పా. అన్నాలేళ ఇంకా అవనేదనుకున్నాను. అదయ్యాక కదా సాయంత్రం అయ్యీది.”

ఓబులేసు లేచి గిన్నె ఉన్న మూలకి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు.

225వ రోజు

నియమం ఒకటే. తెలుపు పట్టినవాణ్ణి వచ్చే ఓడలో దింపేయాలి. ఓడ 240వ రోజుకి వస్తుంది. ఒకసారి దిగినవాడు మళ్ళీ ఏ తెరా ఎక్కలేడు. హేమలత గారు కాగితం పంపారు, నేను సంతకం పెట్టాలి. “నాకూ బాధగానే ఉందండీ” అంది. జంతికల చప్పుడు లేదు.

విరామం పోయినందువల్లే ఇలా అయిందన్నాను. “అది నిరూపించాలి కదండీ. పట్టీ ప్రకారం ఆయన వేళకే తిన్నారు” అంది.

పైడిరాజు నా పక్కన తేలుతూ అంతా విన్నాడు.

“అప్పా, సంతకం ఎట్టకు. నానెలిపోతే ఆ అంచు ఎవులు కుడతారు? మా యమ్మకి మాటిచ్చీసినాను.”

అమ్మ పోయి ఆరేళ్ళయిందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. కాగితం మడిచి చిట్టాలో పెట్టుకున్నాను. నేను గట్టిదాన్నని అందరూ అంటారు. ఇవాళ స్నానపు సంచిలో దూరి ఏడ్చాను.

229వ రోజు

కుట్లు: లెక్క తెలియదు. ఎందుకో రాస్తాను.

పైడిరాజుని బయటికి పంపకూడదు కాబట్టి అతని అంచుకి నేను వెళ్తున్నాను. పొద్దున్న బయల్దేరేముందు ఓబులేసు అడ్డంగా నిలబడ్డాడు.

“మ్మా, ఈ ఒక్క పూట సంగటి చేస్తా. వాడు ఒక్కడే గూట్లో కూర్చోని గోడల్ని చూస్తాండాడు. మోకు కొడతా, అందరూ రాండి.”

“వీల్లేదు. ఇప్పటికే కాగితం నా దగ్గర పెండింగు పెట్టుకుని కూర్చున్నాను. ఇంకో తప్పు చేస్తే ఇక మన మాట ఎవరూ వినరు” అన్నాను. రాజవ్వ కూడా ఏదో అనబోయింది. చెయ్యెత్తి ఆపేశాను.

అంచు దగ్గర చిరుగు ఒడ్డు పట్టుకుని కుట్టడం మొదలుపెట్టాను. మొదటి వంద కుట్లూ లెక్కపెట్టాను. తరవాత రాజోలు కాలవ గట్టు గుర్తొచ్చింది. తరవాత అదీ లేదు. బాగానే ఉంది, నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ఇప్పుడే కదా వచ్చాను, ఇంకా బోలెడు పొద్దుంది అనుకుంటున్నాను. పట్టీ ఎప్పుడు చురుక్కుమందో, ఎప్పుడు తిన్నానో నాకు గుర్తు లేదు. తరవాత చూస్తే రెండు ట్యూబులూ ఖాళీ. రేడియోలో ఎవరో పిలిచినట్టుంది. వస్తున్నా అని జవాబు కూడా చెప్పానట.

అప్పుడు ఎడమ అరచేతిలో మూడు దెబ్బలు. ఎవరో తలుపు కొడుతున్నారు. తియ్యాలనిపించలేదు. మళ్ళీ మూడు. ఆగి మళ్ళీ మూడు. నాకు విసుగొచ్చింది. ఆ విసుగులోనే ఒక్కసారిగా అమ్మో, ఓబులేసు తిడతాడు, ముద్ద చల్లారిపోతుంది అనిపించింది. అంతే, మోకుని రెండుసార్లు లాగాను. లాగాక గాలి లెక్క చూసుకున్నాను. నలభై ఆరు నిమిషాలకి ఉంది. గూటికి నలభై.

లోపలికి వచ్చేసరికి ముగ్గురూ గిన్నె చుట్టూ కూర్చుని ఉన్నారు. మూత వేసే ఉంది. రాజవ్వ బండి సిద్ధం చేసుకుని, గాలిబుడ్డి ఒళ్ళో పెట్టుకుని ఉంది. నా లాగుడు ఇంకో రెండు నిమిషాలు రాకపోయి ఉంటే బయల్దేరేదట. పైడిరాజు చేతిలో గరిటె ఉంది. అరచెయ్యి బొబ్బలెక్కింది.

“ఎన్నిసార్లు కొట్టావురా?”

“నెక్కెట్టనేదప్పా.”

“నూట పన్నెండు” అన్నాడు ఓబులేసు. “నేను లెక్కపెట్టినా. సంగటి చెయ్యొద్దంటివి. చేసినా. తిట్టుకో.”

“రేడియోల వస్తున్న వస్తున్న అంటవు, జాగ మీదికెల్లి కదలవు. పైడిరాజు గుర్తువట్టిండు నీ గొంతు. ఇది మనిషి గొంతు కాదు, తెలుపు గొంతు అన్నడు. గరిటె గుంజుకున్నడు” అంది రాజవ్వ. ఆమె ఎప్పుడూ ఏడవదు, ఆ మాట అంటూ ముక్కు తుడుచుకుంది.

నేను ఎవరినీ తిట్టలేదు. చేతులు కడుక్కుని వచ్చి, మూత తియ్యండర్రా అన్నాను.

సంగటి చల్లారిపోయింది, పైన పెచ్చు కట్టింది. నాలుగు భాగాలు చేసి తిన్నాం. నా జన్మలో అంత మంచి ముద్ద తినలేదు.

తిన్నాక చిట్టా తెరిచాను. కలం పట్టుకోగానే చెయ్యి దానంతట అదే రాసింది, మోకు: నాలుగుకి నాలుగు అని. రాసి, దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఖాళీ రోజులు దాటి వెనక్కి తిప్పాను. 215. 214. 213. మొదటి రోజుదాకా తిప్పాను. ప్రతి పేజీలోనూ ఉంది. నాకు ముందు రాసినాయన పేజీల్లోనూ ఉంది. ఓబులేసు చిట్టా లాక్కుని చూశాడు, తరవాత రాజవ్వ, తరవాత పైడిరాజు. నాలుగు రోజులు కొట్టుకుని, ఓట్లు వేసుకుని, ఒట్లు పెట్టుకుని, మేం పెట్టలేకపోయిన పేరు నేను రోజూ నా చేత్తోనే రాస్తున్నాను. ఎవరికీ తట్టలేదు.

“దీన్ల సద్ది లేకపాయె” అంది రాజవ్వ.

“సంగటీ లేదు” అన్నాడు ఓబులేసు. ఇద్దరి గొంతులోనూ కోపం లేదు.

230వ రోజు

కాగితం మీద ఇతరములు అన్న గీత మీద మోకు అని రాశాను. కారణం అన్నచోట ఐదేళ్ళ చిట్టా పేజీలన్నీ జత చేశాను. నాలుగుకి నాలుగు ఉన్నన్ని రోజులూ ఒక్కరికీ తెలుపు పట్టలేదు. వేళకి మోకు కొట్టని పద్నాలుగు రోజుల్లో ఇద్దరికి పట్టింది. రెండో పేరు నాదే. అదీ రాశాను. పైడిరాజుని దింపితే నియమం ప్రకారం నన్నూ దింపాలని రాశాను. కుట్లు రోజుకి రెండు వందలు తగ్గుతాయని కూడా దాచకుండా రాశాను.

హేమలత గారు మాట్లాడారు.

“మీ పేరు రాయకపోతే నాకు తెలిసేది కాదు కదండీ” అంది.

“నాకు తెలుసు కదండీ” అన్నాను.

“ఈ చిట్టాలు ఐదేళ్ళ నుంచి నేనే చూస్తున్నాను. మోకు అంటే ఏదో పరికరం అనుకున్నాను. నాలుగుకి నాలుగు పని చేస్తున్నాయేమోలే అని టిక్కు పెట్టేదాన్ని.” తరవాత అడిగింది. “అందరూ వచ్చేదాకా నిజంగా మూత తియ్యరా?”

తియ్యం అన్నాను.

పది రోజులు మోకు నడపమంది. ఓడ వచ్చే రోజు కింది డాక్టరు, బొమ్మ కనపడే అద్దంలోంచి మా ఇద్దరినీ పరీక్షించి చెబుతాడు. అప్పటిదాకా నేను మడిచిన కాగితం మడిచినట్టే ఉంటుంది.

240వ రోజు

కుట్లు 1,190. చిరుగు 31 మీటర్లు.

డాక్టరు గంటసేపు ప్రశ్నలు వేశాడు. ఇవాళ ఏ రోజో పైడిరాజు తడుముకోకుండా చెప్పాడు. ఎలా గుర్తు పెట్టుకున్నావని అడిగితే, “తొమ్మిది మోకులయ్యాయి, ఇయాల్టిది పదోది” అన్నాడు. డాక్టరుకి అర్థం కాకపోయినా నవ్వి రాసుకున్నాడు. ఇద్దరం ఉండొచ్చన్నాడు. ఓడ ఖాళీ బుడ్లూ నాలుగు పట్టీలూ ఎక్కించుకుని వెళ్ళిపోయింది. పైడిరాజు దానికేసి చూడను కూడా లేదు, తన అంచుకి దారం సర్దుకుంటున్నాడు. ఆ నీడ భీమిలి మీదే పడుతుందని ఇకనుంచి నేనూ అంటాను.

ఓబులేసు ముద్దలు చేస్తుండగా హేమలత గారు మాట్లాడారు. ఏదో కాగితం పనేమో అనుకున్నాను.

“మాణిక్యం గారూ, ఇక్కడ కూడా పన్నెండున్నరే అయింది. మీరు మోకు కొట్టేటప్పుడు ఒకసారి నాకూ వినిపిస్తారా? నేను డబ్బా తెచ్చుకున్నాను. వంకాయ కూర. రోజూ మూత తీసిందీ తెలియదు, తిన్నదీ తెలియదు.”

ఓబులేసు రేడియోని కడియం పక్కకి తెచ్చి కట్టాడు. గరిటె తిరగేసి మూడు దెబ్బలు వేశాడు. రాజవ్వది అందింది, చురుగ్గా. పైడిరాజుది అందింది. నేను లోపలే ఉన్నాను కాబట్టి కడియాన్ని రెండుసార్లు లాగాను, తరవాత ఓబులేసు లాగాడు. నలభై నిమిషాలకి అందరం గిన్నె చుట్టూ చేరాం. ఆకలి దంచేస్తోంది. నేను మూత మీద చెయ్యి వేశాను.

ఓబులేసు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఆయమ్మది రానీ.”

రేడియోలోకి వంగి, “అందరూ వచ్చినారు మ్మా, ఇంగ నీదే” అన్నాడు. ఐదు సెకన్లు పోవడానికి, ఐదు రావడానికి. నలుగురం మూతకేసి చూస్తూ ఆ పది సెకన్లూ కూర్చున్నాం. అప్పుడు అంత దూరం నుంచి, బల్ల మీద వేలితో కొట్టిన చప్పుడు, ఒకటి, రెండు.

మూత తీశాం.

మోకు: ఐదుకి ఐదు.